దావీదు గారి చొక్కా తొడుక్కున్న బొమ్మ

నేను ఒక బొమ్మని. పిల్లలు ఆడుకునే బొమ్మని కాదు, బట్టల దుకాణాల్లో చొక్కా తొడిగి నిలబెట్టే నిలువెత్తు బొమ్మని. నాకు మాటలు తక్కువ. ఇన్నాళ్లూ నోరు విప్పే అవసరం కూడా రాలేదు. అయితే చూసింది కొంచెం ఉంది, మేలు చేసినవాళ్లు కొందరున్నారు. వాళ్ల సంగతి చెప్పి ఊరుకుంటాను.

నన్ను ఏ ఊళ్లో పోతపోశారో నాకు తెలియదు. కళ్లు గీయగానే గడ్డిలో చుట్టి లారీ ఎక్కించారు. ఆ అచ్చులోంచి వచ్చిన వాళ్లందరిదీ ఒకటే మొహం. దొరల ముక్కు, సన్నటి నవ్వు. ఎడమచెయ్యి నడుం మీద ఉంటుంది. కుడిచెయ్యి కాస్త ముందుకు చాచి, అరచెయ్యి పైకి ఉంటుంది. లోపలికి దయచేయండి అన్నట్టు. ఆ చేతి సంగతి గుర్తుంచుకోండి.

ఒంగోలులో శేషయ్య గారి రెడీమేడ్ దుకాణంలో దిగాను. ఆయన పొద్దున్నే తలుపు తీసి, దేవుడి పటాల కంటే ముందు నా మొహం తడిగుడ్డతో తుడిచేవారు. "ముందు జనానికి కనపడేది నువ్వు. ఆయన లోపలుంటాడు, ఏమీ అనుకోడులే" అనేవారు. నా ఒంటి మీద చొక్కా చూసి మెచ్చుకుని జనం కొనుక్కుపోయేవాళ్లు. నాకు పొట్ట లేదు. ఆ సంగతి వాళ్లకి ఇంటికి వెళ్లి అద్దంలో చూసుకున్నాక తెలిసేది.

చదువంటారా, లేదు. ఎదురు దుకాణాల బోర్డులు చూసి చూసి అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చింది. అంతవరకే.

కొన్నేళ్లకి తలల్లేని బొమ్మలు వచ్చాయి. తల ఉంటే కొనేవాళ్ల చూపు చొక్కా మీద నిలవడం లేదట. మనుషులకి తల అడ్డం వస్తుందని నాకు అప్పుడే తెలిసింది. నన్ను మేడమీద అట్టపెట్టెల మధ్య పెట్టారు. అక్కడ దుమ్ము కొట్టుకుని ఉండగా ఒకరోజు పోలీసులు వచ్చి, పాత బొమ్మ ఉంటే ఇవ్వమని శేషయ్య గారిని అడిగారు. రోడ్డు మీద పోలీసు వేషం కట్టి నిలబెడతారట. ఆయన నన్ను కిందికి దింపి, చివరిసారి మొహం తుడిచి, "గవర్నమెంటు ఉద్యోగం వచ్చింది రా నీకు" అన్నారు. ఆయన చల్లగా ఉండాలి.

స్టేషన్లో ఉన్న యూనిఫారాలు ఏవీ నాకు సరిపోలేదు. అప్పుడు హెడ్ కానిస్టేబుల్ దావీదు గారు ఇంటికి వెళ్లి తన పాత జత తెచ్చారు. ఉతికి, ఇస్త్రీ చేసి తెచ్చారు. రిటైర్మెంటుకి దగ్గర పడ్డ మనిషి, మాట తక్కువ, నా అంతే ఎత్తు. గుండీలు తానే పెట్టారు. టోపీ పెట్టి, నల్లద్దాలు తగిలించి, పెయింటుతో మీసం దిద్దారు. "నిలబడు చాలు. అంతకంటే నీ చేత ఏమవుద్ది" అన్నారు. చొక్కా లోపల ఆయన కష్టం వాసన ఇంకా కొంచెం మిగిలి ఉంది. కొత్త చొక్కాలు ఎన్నో తొడుక్కున్నాను గాని, ఒక మనిషి బతికిన చొక్కా తొడుక్కోవడం అదే మొదలు.

నన్ను గుండ్లమెట్ట అడ్డరోడ్డు దగ్గర సిమెంటు దిమ్మె మీద నిలబెట్టారు. రోడ్డుకి ఇటు ఊరు, అటు హైస్కూలు. మధ్యలో నల్లరాళ్లు మోసే లారీలు, వాటిని దాటబోయే కార్లు. నా వెనకే మస్తానమ్మ ఇడ్లీ బండి. మస్తానమ్మ కూతురూ అల్లుడూ కూలి పనులకి ఊళ్లు తిరుగుతారు. వాళ్ల పిల్ల భార్గవి అమ్మమ్మ దగ్గరుండి తొమ్మిదో తరగతి చదువుతుంది. నేను రాకముందు ఇదే రోడ్డు దాటుతూ భార్గవి పక్కన నడుస్తున్న కరుణ అనే పిల్లని కారు కొట్టేసింది. కాలు విరిగిన ఆ పిల్ల మళ్లీ బడికి రాలేదు. అప్పటి నుంచి మస్తానమ్మది ఒకటే మాట. ఇంకొక్కసారి ఈ రోడ్డు మీద ఏదన్నా జరిగితే పిల్లని బడి మాన్పిస్తుంది. పోలీసు నిలబడ్డాడు కదా అన్న ధైర్యంతో పంపుతోంది. ఆ పోలీసుని నేను.

నా పక్కనే ఒక బోర్డు పాతారు. అతివేగానికి ఇన్ని పాయింట్లు, తాగి నడిపితే ఇన్ని, ఫోను మాట్లాడుతూ నడిపితే ఇన్ని. పన్నెండు నిండితే లైసెన్సు రద్దు. మస్తానమ్మ మనవరాలి చేత చదివించుకుంది.

"పాయింట్లంటే ఏందే?"

"తప్పు చేసినప్పుడల్లా లైసెన్సు మీద రాసుకుంటారమ్మమ్మా. పన్నెండైతే పీకేస్తారు."

"ఎవురు రాసుకుంటారు?"

భార్గవి నా వంక చూసింది. మస్తానమ్మ కూడా చూసింది. నేను నవ్వుతూనే ఉన్నాను, నా మొహం అంతే.

మొదట్లో నా రాజ్యం బాగానే నడిచింది. దూరంగా ఖాకీ కనపడగానే లారీలు బుసకొట్టి నెమ్మదించేవి. మోచేతికి తగిలించుకున్న హెల్మెట్లు తలకెక్కేవి. చెవి దగ్గర ఫోన్లు ఒళ్లోకి జారిపోయేవి. ఇడ్లీ బండి దగ్గర డ్రైవర్లకి నా వీపే కనపడేది, నాకు వినపడకుండా మెల్లగా మాట్లాడుకునేవాళ్లు. "బళ్లో మార్కులు రాలేదని మా నాయన కొట్టినాడు. ఇప్పుడు ఈ పాయింట్లు వస్తే మా ఓనరు కొడతాడంట" అని ఒకడంటే, "ఏదో ఒకటి వచ్చిందని సంతోషపడరా" అని ఇంకొకడు. భార్గవి నా ముందు నుంచి రోడ్డు దాటుతూ రోజూ "వెళ్లొస్తా సార్" అనేది. దుకాణంలో అన్నేళ్లు నిలబడ్డాను, ఒక్కరూ నాకు చెప్పి వెళ్లలేదు.

ఒక మధ్యాహ్నం పెద్ద లారీ పోతూ విసిరిన గాలికి వెల్లకిలా పడ్డాను. వెనకే వస్తున్న మాలకొండయ్య చూశాడు. రాళ్ల లారీ డ్రైవరు, మస్తానమ్మ దగ్గర రోజూ తినిపోయేవాడు. పోలీసాయనకి ఎండదెబ్బ తగిలిందనుకుని లారీ ఆపి, నీళ్ల సీసా పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "సారూ, సారూ" అంటూ నా తల ఎత్తాడు. నా ముక్కు ఊడి అతని చేతిలోకి వచ్చింది.

పాపం, చాలాసేపు ఆ ముక్కునే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత నవ్వు మొదలైంది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని నన్ను లేపి నిలబెట్టాడు, దుమ్ము దులిపాడు, ముక్కు ఉన్నచోట బొక్క కనపడకుండా తన తెల్ల చేతిరుమాలు కట్టాడు. వదిలేసి పోయినా అడిగేవాళ్లు లేరు. నీళ్లు పట్టుకుని పరుగెత్తుకొచ్చిన మనిషిని నేను ఏ రోజూ చెడ్డవాడనుకోలేదు.

కానీ ఆ సంగతి అతను కడుపులో దాచుకోలేకపోయాడు. దారిలో ఉన్న ధాబాలన్నిటికీ తెలిసిపోయింది. ఇక ఎవరూ బ్రేకు మీద కాలు పెట్టలేదు. మాలకొండయ్య రోజూ ఆగి నా అరచేతిలో ఒక బీడీ పెట్టేవాడు. "తిన్నారా సారూ? ఇదిగో మీ మామూలు." బండి దగ్గర అందరూ నవ్వేవాళ్లు. దుకాణంలో దయచేయండి అన్నట్టున్న చెయ్యి ఖాకీ తొడిగాక ఇంకోలా కనపడుతోందని నాకు అప్పటికి గాని తెలియలేదు. నా టోపీ మీద కాకి కాపురం పెట్టింది. బోర్డు మాత్రం బోర్డులాగే ఉంది. పాయింట్లూ అలాగే ఉన్నాయి, ఎవరి లైసెన్సు మీదకీ పోకుండా.

ఒకరోజు బడి వేళకి భార్గవి రోడ్డు దాటుతోంది. ఒక తెల్లకారు లారీని దాటుకుంటూ దూసుకొచ్చింది. పిల్ల వెనక్కి గెంతింది. చేతిలో టిఫిను గిన్నె ఎగిరి అవతల పడింది. పిల్ల కంకర మీద పడి మోకాలు చెక్కుకుపోయింది. కారు ఆగలేదు. నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను. రాసుకోవాల్సిన చెయ్యి నాది. అది చాచి ఉంటుంది, అంతే. మూసుకోదు.

మస్తానమ్మ పిల్ల మోకాలు కడిగి, బడిసంచీ తీసి బండి గుంజకున్న మేకుకి తగిలించింది. మర్నాటి నుంచి భార్గవి బళ్లోకి పోకుండా ప్లేట్లు కడుగుతూ కూర్చుంది. నాకు వెళ్లొస్తా అని చెప్పేవాళ్లు లేరు.

కొన్నాళ్లకి దావీదు గారు ఏదో బందోబస్తు నుంచి వస్తూ టీకి ఆగారు. మస్తానమ్మ గ్లాసు ఇచ్చి అంది.

"ఏం హెడ్డు గారా, చొక్కా ఇక్కడ పెట్టి మడిసి యాడికో పోయినాడే."

"స్టేషన్లో మనుషులు యాడుండారమ్మా. ఉన్నోళ్లు బందోబస్తులకే చాలటం లేదు."

"అవున్లే. మనుషులు లేకుండానే పాయింట్లు పెట్టినారు పెద్దోళ్లు. ఉట్టి చట్టిలో కూర ఉందని బోర్డు రాసినట్టు." గిన్నె కింద మంట తగ్గించి మళ్లీ అంది. "నీ చొక్కా ఎండలో వానలో నిలబడే ఉండాది. చొక్కాకి ఉన్న ఓపిక నీకు లేకపాయె."

దావీదు గారు టీ గ్లాసు పక్కన పెట్టారు. మేకుకున్న సంచీ చూశారు. ప్లేట్లు కడుగుతున్న పిల్లని చూశారు. తర్వాత నన్ను చాలాసేపు, పైనుంచి కిందికి, దర్జీ కొలత తీసుకునేటట్టు చూశారు.

మర్నాడు ఇంకా ఇడ్లీ కుండ పొయ్యి మీదకి ఎక్కకముందే వచ్చారు. నన్ను రెండు చేతులతో ఎత్తి, బండి వెనక గోతాం పరిచి, మొహం రోడ్డు వైపు ఉండేటట్టు పడుకోబెట్టారు. నా టోపీ దులిపి పెట్టుకున్నారు. నా నల్లద్దాలు పెట్టుకున్నారు. మాలకొండయ్య రుమాలు ముక్కుకి కట్టుకున్నారు. పోయి నా దిమ్మె ఎక్కి, ఎడమచెయ్యి నడుం మీద పెట్టి, కుడిచెయ్యి చాచి నిలబడ్డారు. నా నిలబడే తీరు అంత బాగా ఎప్పుడు చూసుకున్నారో. కాకి కూడా వచ్చి వాలింది. ఆయన కదల్లేదు.

మస్తానమ్మ గిన్నెలు కడిగిన నీళ్లు పారబోయడానికి వెనక్కి వచ్చి నన్ను చూసింది. రోడ్డు మీదున్న నన్నూ చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పొయ్యి దగ్గరికి పోయింది.

మాలకొండయ్య లారీ వచ్చింది. ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో ఫోను. బడి దగ్గర కూడా తగ్గకుండా వచ్చి, బండి ముందు గట్టిగా బ్రేకు తొక్కాడు. దిగి, మామూలుగానే బీడీ తీసి ఆ అరచేతిలో పెట్టాడు.

"తిన్నారా సారూ?"

ఆ చెయ్యి మూసుకుంది. బీడీతో పాటు మాలకొండయ్య వేళ్లు కూడా అందులో ఉన్నాయి.

"తిన్నా. లైసెన్సు తియ్యి."

మాలకొండయ్య నిలబడ్డచోటే రోడ్డు మీద కూర్చుండిపోయాడు. బండి దగ్గర ఒకడి నోట్లో ఇడ్లీ నోట్లోనే ఉండిపోయింది. "నేనేమన్నా అన్యాయం చేసినానా సారూ, మీకు రుమాలు కట్టింది నేనే గదా" అని అతను గొణిగాడు. "అందుకే నీతో మొదలుపెట్టినా" అన్నారు దావీదు గారు. చలానా మిషను జేబులోంచి తీసి పాయింట్లు రాశారు. నా బోర్డు మీద ఉన్నవి మొదటిసారి ఒక మనిషి పేరు మీదకి వెళ్లాయి. ఆ పూట మిషను ఊరికే ఉండలేదు.

మర్నాడు దిమ్మె మీద నేనే ఉన్నాను. లారీలన్నీ అత్తగారి ముందు నడిచే కోడళ్లలా నెమ్మదిగా పోయాయి. ఆ తర్వాత దావీదు గారు ఒక వారం వరసగా రెండు రోజులు వచ్చేవారు, ఒక్కోసారి చాలా రోజులు వచ్చేవారు కాదు. వేళాపాళా లేదు. డ్రైవర్లు అద్దాల్లోంచి నా కళ్లలోకి చూసేవాళ్లు, ఇవాళ బొమ్మా మనిషా అని. నల్లద్దాల వెనక ఏముందో ఎవరికి తెలుస్తుంది. మాలకొండయ్య ధాబాల్లో చెయ్యి చూపించి చెప్పేవాడట. "ఆ అడ్డరోడ్డు కాడ బొమ్మ పట్టుకుంటాదబ్బయ్యా. చల్లటి చెయ్యి." నా గొప్ప పోగొట్టింది అతనే, తిరిగి తెచ్చిపెట్టిందీ అతనే.

మస్తానమ్మ ఇంకా కొన్నాళ్లు చూసింది. ఒక సోమవారం సంచీ మేకు నుంచి తీసి, దులిపి, పిల్ల భుజానికి తగిలించింది.

"పో. రోడ్డు దాటేప్పుడు బొమ్మని చూడమాకే, బండిని చూడు."

"వెళ్లొస్తా సార్" అంది భార్గవి. ఆ రోజు దిమ్మె మీద నేనే ఉన్నాను. ఆ మాట నాకే దక్కింది.

దావీదు గారు రాసిన పాయింట్లన్నీ పైవాళ్ల లెక్కల్లో మా అడ్డరోడ్డు పేరు మీద కుప్పపడ్డాయి. చుట్టుపక్కల ఇంత చెడ్డ అడ్డరోడ్డు లేదని వాళ్లు తేల్చారు. నిజానికి అప్పటికి బండ్లు అంత బుద్ధిగా నడిచే చోటు ఇంకోటి లేదు. రాసేవాడు లేని చోట తప్పులూ లేవని వాళ్ల లెక్క. ఏదైతేనేం, మేలే జరిగింది. బడి వేళలకి నిజం కానిస్టేబుల్ని వేశారు. నా ఉద్యోగం పోయింది. దావీదు గారు రిటైరయ్యాక మామూలు చొక్కాలో వచ్చి నన్ను దిమ్మె దింపారు. టోపీ, అద్దాలు, భుజం మీద పట్టీలు తీసుకున్నారు. చొక్కా గుండీలు విప్పబోయి ఆగారు. "ఉంచుకోలే" అన్నారు.

ఇప్పుడు నేను మస్తానమ్మ కౌలుకి చేసే జొన్నచేలో దిష్టిబొమ్మగా ఉన్నాను. కంకి పాలు పోసుకునే వేళకి చిలకలు వస్తాయి. మొదట్లో నన్ను చూసి పైనుంచే పోయేవి. వారం తిరక్కుండా ఒకటి వచ్చి నా అరచేతిలో కూర్చుని కంకి వలుచుకుంది. మనుషులకీ వాటికీ పెద్ద తేడా నాకు కనపడలేదు.

మొన్న ఆదివారం తెల్లారకముందే భార్గవి చేలోకి వచ్చింది. నన్ను జాగ్రత్తగా ఎత్తి గట్టు మీద పడుకోబెట్టింది. దావీదు గారి చొక్కా విప్పి, లంగా ఓణీ మీద తొడుక్కుంది. ఎడమచెయ్యి నడుం మీద పెట్టి, కుడిచెయ్యి చాచి నిలబడింది. చిలకల గుంపు ధీమాగా దిగుతోంది. గట్టు మీద పడుకుని నేను చూస్తూ ఉన్నాను.

నాకు పెద్ద కోరికలు లేవు. నా స్థానంలో అప్పుడప్పుడూ ఒక మనిషి నిలబడితే చాలు. మిగతా రోజులు నేను చూసుకుంటాను.