మాస్టారు వదిలిన ఖాళీలు

నేను ఒక క్యాసెట్‌ని. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ డబ్బా, కడుపులో రెండు చక్రాలు, వాటికి చుట్టుకున్న గోధుమరంగు టేపు. నన్ను చేసిన ఫ్యాక్టరీ ఏదో నాకు గుర్తులేదు. నాకు గొంతునిచ్చింది మాత్రం తణుకులో స్పోకెన్ ఇంగ్లీషు చెప్పే సత్యానందం మాస్టారు.

బస్టాండు దగ్గర కూల్‌డ్రింకుల కొట్టు మీద ఒక గది, నాలుగు బెంచీలు, ఒక నల్లబల్ల. అదే ఆయన బడి. నెలలో ఇంగ్లీషు వచ్చేయాలని జనం ఆ మెట్లెక్కేవారు. ఇంట్లో తల్లి పది మాటలడిగితే ఒక్కదానికి జవాబు చెప్పని వాళ్లకు కూడా ఇంగ్లీషు మాత్రం గడగడా రావాలి. ఒకడు "ఐ ఈజ్" అనేవాడు, ఇంకొకడు "హీ డోంట్" అనేవాడు. మాస్టారు చెవులు మూసుకునేవారు.

"ముందు కర్త ఎవరో చూసుకోవయ్యా. నేనా, నువ్వా, ఆయనా? మనిషిని చూడకుండా క్రియ వేసేస్తే ఎలా? తెలుగులో మా వదిన వచ్చాడు అంటావా? అనవు గదా. మరి ఇంగ్లీషంటే అంత లోకువేంటి?" అనేవారు.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక, ఇంట్లో తలుపులన్నీ వేసి నన్ను రికార్డు చేశారు. భార్య రూతమ్మను చప్పుడు చేయవద్దన్నారు. పాపం, ఆవిడ ఊపిరి బిగబట్టి కూర్చుంది గానీ పొయ్యి మీద కుక్కరు సంగతి మరిచింది. ఆ విజిలు కూడా నాలోకి వచ్చేసింది. మళ్లీ మొదటినుంచి చెప్పే ఓపిక లేక మాస్టారు అలాగే ఉంచేశారు.

"వాట్ ఈజ్ యువర్ నేమ్? వేర్ డు యు లివ్? వాట్ డజ్ హి డు?" ఇలా ఒక్కో ప్రశ్న అడిగి, వినేవాళ్లు జవాబు చెప్పుకోవడానికి కొంత టేపు ఖాళీగా వదిలారు. బజారులో దొరికే క్యాసెట్లలో ఆ ఖాళీ తుమ్మడానికి కూడా చాలదు. మా మాస్టారిది పెద్ద చెయ్యి. ఎంత మొద్దబ్బాయి అయినా కర్తను వెతుక్కుని, క్రియ సరిచేసుకుని, గొంతు సవరించుకునేంత సేపు ఆగేవారు. అలా ఆగే మనుషులను తరవాత నేను ఎక్కువమందిని చూడలేదు.

అడిగినవాళ్లకల్లా నన్ను ఇచ్చేవారు. లాడ్జి గుమాస్తా ఒకాయన గడ్డం గీసుకుంటూ నాకు జవాబులు చెప్పి, చెంప కోసుకున్నాడు. మస్కట్‌లో ఉన్న భర్త దగ్గరికి వెళ్లబోయే కొత్త పెళ్లికూతురు "డు యు లైక్ టీ?" అన్న ప్రశ్న రాగానే ఏడ్చేది. ఎందుకో నాకు తెలియలేదు. ఎవరి దగ్గరికి వెళ్లినా చివరికి మాస్టారి బల్ల మీదికే వచ్చేదాన్ని.

ఊరందరికీ నేర్పిన మనిషి రూతమ్మకు ఒక్క ముక్క నేర్పలేదు. ఆవిడ అడగలేదు, ఆయనకు తోచలేదు. దీపం కిందే చీకటి అంటారు గదా.

ఫోన్లలోనే ఇంగ్లీషు దొరకడం మొదలయ్యాక బడి మూతపడింది. మాస్టారు ఇంటిపట్టున కూర్చున్నారు. కొన్నాళ్లకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట కూడా పోయింది.

"మాట్లాడించండమ్మా. చిన్న చిన్న ప్రశ్నలు అడగండి. జవాబు వచ్చేదాకా ఆగండి. మాట తిరిగొచ్చినా రావచ్చు," అన్నాడు డాక్టరు.

రూతమ్మ ఆ మాట పట్టుకుంది. మంచం పక్కన కూర్చుని, "మీ పేరేంటో చెప్పండి," అనేది. మాస్టారు గోడవైపు తిరిగిపోయేవారు. కట్టుకున్న భార్య పసిపిల్లాడిని అడిగినట్టు పేరు అడుగుతుంటే ఆయనకు సిగ్గు ముంచుకొచ్చేది. కళ్లలో నీళ్లు కనపడేవి.

అప్పుడు ఆవిడకు నేను గుర్తొచ్చాను. టేప్‌రికార్డరు దుమ్ము దులిపి, నన్ను అందులో పెట్టి, "నేనడిగితే పలకరు గదా. మీరే అడుగుతున్నారు, చెప్పండి మరి," అంది.

తన గొంతు తనను పేరు అడిగేసరికి మాస్టారు ఇటు తిరిగారు. నేను ఆగాను. ఆయన పెదవులు కదిలాయి, శబ్దం రాలేదు. మళ్లీ వేసింది. రోజూ వేసింది. ఎప్పుడో వదిలిన ఖాళీలు ఆయనకే అక్కరకొస్తాయని ఎవరనుకుంటారు? అంత పెద్ద ఖాళీలు కూడా ఆయనకిప్పుడు చాలడం లేదు. టేపును ఇంకాస్త నెమ్మదిగా తిప్పాలని నా ప్రాణం కొట్టుకునేది, కానీ చక్రాలు నా మాట వినవు.

ఒక రోజు నేను "హూ ఈజ్ షీ?" అన్నాను. మాస్టారు రూతమ్మ వైపు చూశారు. మెడ నరాలు బిగిశాయి. "రూ..." అన్నారు.

అంతే వచ్చింది. రూతమ్మ ఆయన చెయ్యి పట్టుకుని చాలాసేపు ఏడ్చింది. నేను తరవాతి ప్రశ్నలు అడుగుతూనే ఉన్నాను, ఎవరూ వినలేదు.

వానాకాలం మొదట్లో పక్షవాతం రెండోసారి వచ్చింది. ఈసారి ఆయనను తీసుకునే పోయింది.

చావుకొచ్చినవాళ్లందరూ వెళ్లిపోయాక కూడా రూతమ్మ నన్ను వేయడం మానలేదు. మధ్యాహ్నం వంటింట్లో పీట మీద కూర్చుని, నేను అడిగినదానికల్లా తెలుగులో జవాబు చెప్పేది. ఏ ప్రశ్నకు అర్థమేమిటో వినీ వినీ పట్టేసింది.

"హౌ ఆర్ యు?"

"బానే ఉన్నానండి. మోకాళ్లే కాస్త."

"వాట్ డిడ్ యు ఈట్?"

"వంకాయకూర వండుకున్నానండి. తిన్నాను."

ఆ రోజు పొయ్యి వెలగలేదు. పక్కనే ఉన్న నాకు తెలుసు. ఆయన దిగులుపడతారని ఆవిడ అబద్ధమాడింది. ఆ ఖాళీల్లోనే వాళ్లిద్దరి కాపురం ఇంకా సాగుతోంది. అది నిలవడం నా టేపు మీదే ఆధారపడి ఉంది. నేనా అరిగిపోతున్నాను. మాస్టారి గొంతు సాగడం, అక్కడక్కడా మునిగిపోవడం మొదలైంది.

రూతమ్మ భయపడి నన్ను పల్లంరాజు దగ్గరికి తీసుకెళ్లింది. అతను మాస్టారి పాత విద్యార్థి, సెల్‌ఫోన్ల కొట్టు నడుపుతున్నాడు. "మీ మాస్టారి గొంతు పోకుండా ఫోనులో పెట్టు బాబూ," అని నన్ను అతని చేతిలో పెట్టింది. అతను కళ్లకద్దుకున్నాడు.

పది రోజుల తరవాత నన్ను పట్టుకుని తనే ఇంటికి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"టేపు ఆఖర్న తెగిపోయిందండి అమ్మగారూ, ఇంక పనికిరాదు. మాస్టారి గొంతు మాత్రం మొత్తం వచ్చేసింది. కుక్కరు విజిలూ, గరగరా అన్నీ తీసేశానండి. మధ్య మధ్య ఊరికే ఖాళీలున్నాయి, అవీ కోసేశాను. ఇప్పుడు ఎక్కడా ఆగదు."

చాలా కష్టపడ్డాడు పాపం. ప్రేమతోనే చేశాడు.

ఆవిడ ఫోనులోకి ఎక్కించి నొక్కాడు. మాస్టారి గొంతు అద్దంలా తేటగా వచ్చింది. హౌ ఆర్ యు, వేర్ డు యు లివ్, వాట్ డిడ్ యు ఈట్. రూతమ్మ "బానే..." అని మొదలుపెట్టింది. గొంతు నాలుగో ప్రశ్నలోకి వెళ్లిపోయింది. మళ్లీ నోరు తెరిచింది, మళ్లీ దాటిపోయింది. బతికినన్నాళ్లూ ఎవరినీ తొందరపెట్టని మనిషి ఇప్పుడు భార్యను ఒక్క మాట చెప్పనివ్వడం లేదు.

"బాగుందాండి?" అన్నాడు పల్లంరాజు.

"చాలా బాగుంది బాబూ. కాఫీ తాగి వెళ్లు," అంది రూతమ్మ.

అతను వెళ్లాక ఆవిడ ఫోనును వేలితో ఆపి చూసింది. ఆగింది. కానీ అడిగి ఆగడం వేరు, నోరు నొక్కితే ఆగడం వేరు. ఫోనును బోర్లించి పక్కన పెట్టింది.

తెగిన టేపు బయటికి వేలాడుతున్న నన్ను ఒళ్లోకి తీసుకుంది. వేలితో ఆ టేపును మెల్లగా లోపలికి చుట్టింది. తరవాత, అచ్చం మాస్టారిలాగే చివర కాస్త సాగదీసి, "హౌ ఆర్ యు?" అంది.

అని, ఆగింది. ఎంతసేపు ఆగాలో ఆవిడకు తెలుసు.

బాగాలేనమ్మా అని చెప్పాలనిపించింది. ఆయన లేక నాకూ ఏమీ బాగాలేదని చెప్పాలనిపించింది. నాలో మాట లేదు. రూతమ్మ నన్ను తొందరపెట్టలేదు.