ఉతికిన నాచు

మా వీధి వెనక పాత బ్యాటరీలు కరిగించే షెడ్డు ఉంది. దాని పొగలో సీసం ఎంతుందో తేల్చడానికి కాలేజీ లెక్చరరమ్మ పది ఇళ్ల బాల్కనీల్లో వలసంచుల్లో నాచు పెట్టి కట్టింది. నాచుకు వేళ్లుండవు, గాలిలో ఏమొస్తే అది ఒంటికి పట్టించుకుంటుంది. మూడు నెలలయ్యాక విప్పి పరీక్ష చేస్తారు. షెడ్డుకు అందరికన్నా దగ్గర మా బాల్కనీయే.

ఫిర్యాదు పెట్టింది మా కింది వాటాలో బట్టలు కుట్టే వదిన. ఆవిడ ఆరేళ్ల కూతురి రక్తంలో సీసం ఉందని డాక్టరు చెప్పాడు.

"నీళ్లు పోయాలా?" అని లెక్చరరమ్మను అడిగాను.

"ఏమీ చేయకండి. మీ పని అదే."

ఇరవై ఏళ్ల కాపురంలో నాకెవరూ అప్పజెప్పని పని. చేతకాలేదు.

సంచి విప్పడానికి వస్తున్నామని ఫోను వచ్చిన రోజు చూస్తే అది మసిగుడ్డలా ఉంది. ఇంటికొచ్చే మనిషికి అలా ఎలా చూపించను? సబ్బుపొడిలో నానబెట్టి, మూడు నీళ్లు జాడించి, నీడన ఆరేసి, మళ్లీ కొక్కేనికి తగిలించాను. నా డిగ్రీలో వృక్షశాస్త్రం కూడా ఉంది. ఆ సంగతి రాయకపోయినా ఎవరూ అడగరు.

"ఎంత పచ్చగా ఉందో," అంటూ లెక్చరరమ్మ సంచిని కవర్లో వేసుకుంది. సీసమంతా మా స్నానాలగది తూములోంచి పోయిందని నాకు అప్పుడు తట్టింది. చెప్పబోయాను. అంతలో ఆవిడ మా ఇల్లు అద్దంలా ఉందని మెచ్చుకుంది. తేలు కుట్టిన దొంగలా కాఫీ ఇచ్చి పంపాను.

నెల తర్వాత ఫలితాలొచ్చాయి. వీధి మొత్తంలో శుభ్రమైన గాలి మాదేనట. షెడ్డు యజమాని ఆ కాగితాన్ని జిరాక్సు తీయించి ఇంటింటికీ పంచాడు. "పక్కింట్లోనే లేని సీసం ఎక్కడో ఉంటుందా?" అన్నాడట. మావారు ఒకటి ఫ్రిజ్‌కి అంటించారు.

మర్నాడు కింది వదిన కూతుర్నీ, చాపనీ వెంటబెట్టుకుని పైకొచ్చింది.

"వదినా, మొహమాటం లేకుండా అడుగుతున్నా. మీ బాల్కనీలో గాలి బాగుందట కదా. సాయంత్రాలు పిల్లని ఇక్కడ ఆడుకోనిస్తారా? అల్లరి చేస్తే ఒకటి తగిలించండి."

పిల్ల అప్పుడే చెప్పులు విడిచి బాల్కనీ వైపు నడుస్తోంది. జబ్బ పట్టుకుని ఆపేశాను.

"వద్దు వదినా."

ఆవిడ మొహం చిన్నబోయింది. "పోనీలెండి. ఇల్లు పాడవుతుందని కాబోలు."

"అది కాదు. ఆ నాచుని నేను ఉతికాను."

ఆవిడకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పాను, సబ్బుపొడితో సహా.

"తెలిసే ఉతికారా?"

"ఉతికేటప్పుడు తట్టలేదు. ఇచ్చేటప్పుడు తెలుసు."

ఆవిడ చాపను చంకలో సర్దుకుంది. "లెక్చరరమ్మకు ఫోను చెయ్యండి. నా ముందే. స్పీకరు పెట్టండి."

చేశాను. అంతా విన్నాక, "ఆ ఫలితం చెల్లదని రాసిస్తానండి. కానీ కొత్త సంచి కట్టాలి. మళ్లీ మూడు నెలలు," అంది లెక్చరరమ్మ.

వదిన కూతురి తల నిమిరింది. "అప్పటిదాకా దీన్ని ఊపిరి బిగబట్టమందామా వదినా?"

ఇద్దరూ దిగిపోయారు. మెట్ల మీదినుంచి పిల్ల గొంతు వినబడింది.

"నేను వెళ్తే అత్త బాల్కనీ మాసిపోతుందా అమ్మా?"