గడ్డం మీద బొట్టు

నేను ఒక ఫోన్‌ని. అదేం గొప్ప, మా ఇంట్లోనూ నాలుగున్నాయి అనకండి. నేను ఆ జాతి దాన్ని కాదు. మీ ఫోన్లు పరదా వేసిన వంటిళ్లు, లోపల ఏం ఉడుకుతోందో తినే మీకే తెలియదు. నేను పెళ్లివారి వంటపందిరిని. నా లోపల రాసి ఉన్న ప్రతి వాక్యాన్నీ లోకంలో ఎవరైనా చదవచ్చు, తప్పుంటే దిద్దవచ్చు, ఉప్పు చాలలేదని పెదవి విరిచి తామే చిటికెడు వేయవచ్చు. దీన్నే ఓపెన్ సోర్స్ అంటారు. అందుకని నాకు కాస్త పొగరు. ఆ పొగరు ఒక దసరాకి ఎలా దిగిందో చెబుతాను, నవ్వుకోండి.

పుట్టింది సముద్రాల అవతల ఒక చిన్న ఫ్యాక్టరీలో. నా వీపును జిగురుతో అతికించలేదు, స్క్రూలతో బిగించారు. ఎవరైనా విప్పి చూసుకోవచ్చన్నమాట. మొదట నన్ను తెప్పించుకున్నది బెంగళూరులో ఒక కుర్రాడు. పెట్టె విప్పకముందే స్నేహితులకు స్వేచ్ఛ గురించి పెద్ద ఉపన్యాసం ఇచ్చాడు. విప్పాక ఆకలేసింది. బిర్యానీ తెప్పించుకునే యాప్ నాలో నడవదని అప్పుడు తెలిసింది. స్వేచ్ఛా, బిర్యానీయా అన్న ప్రశ్న దగ్గర పాపం ఎక్కువసేపు తటపటాయించలేదు. అలా నేను చేతులు మారి రాజమండ్రి దానవాయిపేటలో తనూజ దగ్గరకు వచ్చి పడ్డాను.

తనూజ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. మిగతా ప్రాణమంతా నా మీదే. ఊళ్లో నాలాంటి ఫోన్లు వాడే గుప్పెడు మంది కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. ఆదివారం వచ్చిందంటే తనూజ ఇంటి వరండాలో చేరతారు. డ్రాయింగ్ మాస్టారుగా రిటైరైన రవూఫ్ గారు సంఘానికి పెద్ద. ఆ సమావేశాలు మీరు చూసి తీరాలి. ఒకరి ఫోన్ కాఫీ వేళకు ఉత్సాహంగా ఉండి టిఫిన్ వేళకు సొమ్మసిల్లుతుంది. ఇంకొకరి బ్యాంకు యాప్ ఆ ఫోన్‌ని దొంగని చూసినట్టు చూసి తలుపేసుకుంటుంది. పెళ్లి ఫోటోలు తీసే ఇమ్మానుయేలు నాలాంటి ఫోన్ కెమెరాతోనే పెళ్లికూతురిని తీస్తే ఆవిడ వంకాయ రంగులో వచ్చింది. ఇన్ని బాధలు పడుతూ కూడా, "మామూలు ఫోన్ కొనుక్కోవచ్చు కదా" అని ఎవరైనా అంటే అందరూ ఒక్కటై వాళ్ల మీద పడతారు. కాకిపిల్ల కాకికి ముద్దు మరి.

నా అసలు జబ్బు గొంతు. నాలో ఎవరు మాట్లాడినా అవతలివాళ్లకు నూతిలోంచి వచ్చినట్టు ఉండేది. తనూజ ఏడాదంతా కూర్చుని ఆ గొంతును బాగుచేసే కొత్త వెర్షన్ రాసింది. అది మా ఊళ్లో బాగా పనిచేస్తే లోకంలో నా తోబుట్టువులందరికీ అదే ఎక్కుతుంది. దసరా నాడు అందరూ వాళ్లింట్లో చేరి తమ ఫోన్లన్నిటికీ ఆ వెర్షన్ ఎక్కించుకున్నారు.

ఇక ఆ ఇంట్లో దసరా అంటే తనూజ వాళ్లమ్మ సత్యవేణి గారి రాజ్యం. కుట్టుమిషనుకి బొట్టు, రోటికి బొట్టు, స్కూటీకి బొట్టు. పనిచేసే వస్తువేదీ ఆ రోజు బోసి మొహంతో ఉండకూడదు.

"ఏవండీ, మీ ఫోన్లు కూడా ఇలా ఇవ్వండి. పనిముట్లే కదండీ అవీ" అన్నారు.

పులిహోర కోసం వచ్చిన రవూఫ్ గారు అందరికంటే ముందు తన ఫోన్ ఇచ్చేశారు. అమ్మవారి పటం ముందు స్క్రూడ్రైవర్ల పక్కన మమ్మల్ని వరసగా పడుకోబెట్టారు. ఆవిడ గంధం గిన్నెతో వచ్చి నా దగ్గర ఆగారు. తెర మీద పెడితే కూతురు అరుస్తుంది. చూడగా చూడగా తెర కింద, నా గడ్డం మీద, ఒక చిన్న కన్నం కనిపించింది. "బొట్టు పెట్టమని గుర్తు కూడా పెట్టాడమ్మా, చేసినవాడెవరో గానీ" అని మురిసిపోయి, అక్కడే గంధం అద్ది ఉంగరపు వేలితో నొక్కి, పైన కుంకుమ దిద్దారు. వరసలో అందరికీ అంతే, అదే చోట.

ఆ కన్నం నా మైకు.

పూజ అయ్యాక అందరూ జేబురుమాళ్లతో మమ్మల్ని పైపైన తుడుచుకున్నారు. లోపలికి దిగిన గంధం మాత్రం ఎండి గచ్చులా బిగుసుకుంది. మొదటి కాల్ ఇమ్మానుయేలు రవూఫ్ గారికి చేశాడు.

"మాస్టారూ, వినబడతందాండీ?"

"హలో! ఎవరండీ? హలో!"

"నేనేనండీ బాబూ, ఇమ్మానుయేలుని!"

"అబ్బే, ఏవీ వినబడ్డం లేదండీ. గోదాట్లో మునిగి మాట్లాడతన్నారేంటి?"

ఒకే గదిలో నిలబడి ఇద్దరూ గొంతులు చించుకున్నారు. ఇంతకుముందు నూతిలోంచైనా వచ్చేది, ఇప్పుడు అదీ లేదు. నాకేమో కారణం తెలుసు. చెప్పాలంటే నోరుండాలి, ఆ నోటికే కదా గంధం!

ఇక వెతుకులాట మొదలైంది. నా వీపు విప్పారు, మళ్లీ బిగించారు, మళ్లీ విప్పారు. నాలోని ప్రతి స్క్రూ పేరు పెట్టి పిలవగల మేధావులు నా మొహం వంక ఒక్కసారి సరిగ్గా చూస్తే ఒట్టు. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని దాని మైకులో మాట్లాడితే బ్రహ్మాండంగా వినిపించింది. దాంతో తప్పు తనూజ రాసినదాంట్లోనే ఉందని నమ్మకం మరింత గట్టిపడింది. మాట ఫోన్ మైకు నుంచి వచ్చే దారిని ఆవిడే కదా కొత్తగా వేసింది! పరాయి దేశంలో పరీక్షకని ఇదే వెర్షన్ ఎక్కించుకున్న ఒకాయన "నాకు చక్కగా వినిపిస్తోంది" అని రాస్తే, అక్కడి నెట్‌వర్క్ వేరులెండి అని కొట్టేశారు. తనూజ రాసిన ప్రతి వాక్యాన్నీ పదిసార్లు చదివారు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం.

"అన్ని ఫోన్లూ ఒకే రోజు మూగబోయాయంటే ఆ రోజు ఎక్కించిందే కదమ్మా కారణం" అన్నారు రవూఫ్ గారు, బాధగానే. ఆ మాటకు ఎదురు లేదు. ఆ రోజు ఎక్కించినది ఇంకొకటి కూడా ఉందని ఎవరికీ తట్టలేదు. వచ్చే ఆదివారం ఆ వెర్షన్ తీసేసి పాతదానికి మళ్లిపోదామని తేల్చారు.

ఆ వారం తనూజ తన పని వెనక్కి తీసుకుంటున్నాననీ ఇక ఇందులో చెయ్యి పెట్టననీ లోకానికంతటికీ ఒక సందేశం రాసి నాలోనే దాచుకుంది. పంపడమే తరువాయి. అది నా కడుపులో కూర్చుని నన్ను తినేసింది. అంత చక్కని పనిని ఒక చిటికెడు గంధం మింగేస్తుంటే నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండింటికీ దారి లేదు.

ఆదివారం వరండాలో అందరూ దిగాలుగా కూర్చున్నారు. తనూజ వేలు ఆ సందేశం మీద ఆడుతోంది. సత్యవేణి గారు కాఫీలు తెచ్చారు, అందరి మొహాలూ చూశారు, లోపలికెళ్లి కుంకుమ భరిణె పట్టుకొచ్చారు.

"ఆయ్, దిష్టండీ ఇది! పండగ పూట పెట్టిన బొట్టు పెట్టగానే తుడిచేస్తే ఏవవుతుంది మరి? ఇలా ఇవ్వవే, మళ్లీ పెడతాను."

నన్ను కూతురి చేతిలోంచి లాక్కుని కళ్లద్దాలు సర్దుకున్నారు.

"ఇదేంటే, మొన్న ఇక్కడ బొట్టు పెట్టుకోడానికి చక్కటి గుంట ఉండేది. పూడిపోయిందేంటి?"

అంతే, అందరి ఫోన్లూ ఒక్కసారిగా ముక్కుల దగ్గరకు వెళ్లాయి. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికిన మొహాలు ఎలా ఉంటాయో ఆ రోజు చూశాను.

"అమ్మా, నీ గాజులకున్న పిన్నీసు ఇయ్యి" అంది తనూజ. మెల్లగా గీకింది. ఎర్రగా, పచ్చగా ఇంత పొడి అరచేతిలో రాలింది. నాకు ఊపిరాడింది!

అమ్మ మామూలు ఫోన్‌కి డయల్ చేసి, ఆవిడని వంటింటి అవతలకు, పెరట్లోకి తరిమింది.

"అమ్మా, వినబడుతోందా?"

"వినబడ్డం ఏంటే, పక్కన నించుని మాట్లాడినట్టుంది. అదేంటే తల్లీ, ఏడుస్తన్నావా? ముక్కు ఎగబీల్చడం కూడా వినబడతంది నాకు."

అంత స్పష్టంగా ఉంది తనూజ చేసిన పని. వరండా గొల్లుమంది. ఇమ్మానుయేలు పిన్నీసు అందుకున్నాడు, రవూఫ్ గారు కళ్లు తుడుచుకున్నారు. ఆ తర్వాత అందరూ అందరికీ ఫోన్లు చేసుకుని, ఎదురెదురుగా నిలబడి "హలో, హలో" అని గెంతారు. దాచిన సందేశం నా కడుపులోంచి చెరిగిపోయింది.

లోపం ఫలానా అని తనూజ లోకానికి తెలియజేస్తే, ఆ పరాయి దేశపాయన ఎంతో వినయంగా, "కుంకుమ అనే ప్రోగ్రామ్ మాకు ఎక్కడా దొరకలేదు, ఏ వెర్షనో చెప్పగలరా?" అని రాశాడు. మా వాళ్లు కడుపుబ్బ నవ్వి బదులిచ్చారు. ఇప్పుడు నాలాంటి ఫోన్‌కి ఏది ఎక్కించాలన్నా, ఏ భాషలో చదివినా, సూచనల చివర ఒక మాట ఉంటుంది: బొట్టు పెట్టదలిస్తే వీపు మీద పెట్టండి.

ఇప్పుడు నేను పాతబడ్డాను. తనూజ చేతిలో నా చెల్లెలు ఉంది. నేను చెత్తబుట్టలో ఉంటాననుకున్నారేమో, సత్యవేణి గారి చేతిసంచిలో ఉన్నాను. మా లోకంలో లోపం పట్టుకున్నవారి పేరు అందరికీ కనిపించేలా వేయడం ఆనవాయితీ. "సత్యవేణి, రాజమండ్రి" అని వేశారు. అది చూసిన రోజే ఆవిడ మామూలు ఫోన్ పక్కన పడేశారు. "లోకమంతా పేరున్నదాన్ని, అది పట్టుకుంటే ఏం బావుంటుందే" అని నన్ను తీసుకున్నారు. బిర్యానీ యాప్ లేకపోయినా ఆవిడకు లోటు లేదు, ఆవిడే వండుతారు. లోపం పట్టుకున్నదీ ఆవిడే, పెట్టిందీ ఆవిడే అని నేను ఆవిడకు గుర్తు చేయలేదు. ఇప్పుడు నోరు ఉంది కదా అని అన్నీ చెప్పేస్తామా?