పెరటి గుమ్మానికి వేలాడిన చుక్కాని

పొద్దున్నే పడవ దగ్గరికి వెళ్ళేముందు నిమ్మళం మూడు పనులు చేసేవాడు. తల్లికి మాత్ర వేసేవాడు, పెరటి తలుపు గొళ్ళెం తీసేవాడు, చుక్కాని బాగుచేయించాలా మార్చాలా అని పెళ్ళాంతో పోట్లాడేవాడు. మొదటి రెండూ చిటికెలో అయిపోయేవి. మూడోది పదకొండు రోజులుగా తెమలడం లేదు.

నిమ్మళం అన్నది తల్లి పెట్టిన పేరు కాదు. కొంప అంటుకున్నా చెప్పులు వెతుక్కుని మరీ బయటికొచ్చే మనిషని రేవులోవాళ్ళు పెట్టిన పేరు. అతని భార్యని ఇంట్లోనూ వీధిలోనూ చిన్నకోడలనే పిలిచేవారు. పెద్దకోడలు వేరు కాపురం పెట్టి పదేళ్ళు దాటినా ఈమె చిన్నదిగానే ఉండిపోయింది.

చుక్కానికి పాతికేళ్ళు. నీళ్ళలో మునిగే పలకని పురుగు తొలిచి జల్లెడ చేసింది. పడవ వెనక దాన్ని తగిలించే పై కొక్కెం అరిగిపోయింది. కిందటి నెల ఒక పెద్ద అలకి అది కొక్కెంలోంచి లేచిపోతే, నిమ్మళం నడుం దాకా బయటికి వంగి ఒంటిచేత్తో పట్టుకుని లాక్కున్నాడట. ఇంటికొచ్చి ఆ ముచ్చట నవ్వుతూ చెప్పాడు. చిన్నకోడలు నవ్వలేదు. ఆ రోజునుంచి ఆమెకి తిండి సహించడం లేదు. అతను పడవెక్కింది మొదలు దిగేదాకా ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకునే ఉంటోంది.

"కొత్తది చేయించు. దానికి మేకు దిగే చోటు కూడా లేదు," అనేది.

"అడుగున జానెడు కోసేసి చెక్క అతికిస్తే ఇంకో అయిదేళ్ళు దాని మొహం చూడక్కర్లేదు."

"పోయినేడూ ఇదే అన్నావు."

"అన్నాను. ఏడాది లాగించిందా లేదా?"

"ఏముందయ్యా దాంట్లో అంత?"

"దానికి నా చెయ్యి తెలుసు," అనేవాడతను. మళ్ళీ తనే, "నీ చెయ్యీ తెలుసు," అనేవాడు.

అది నిజమే. ఇంజను కొనకముందు ఎనిమిదేళ్ళు ఆ చుక్కాని పట్టింది చిన్నకోడలే. అతను ముందుండి తెరచాప చూసుకుంటే ఆమె వెనక పిడి పట్టుకుని కూర్చునేది. ఇంజనొచ్చాక తెరచాప చుట్టి పడవ అడుగున పెట్టి, పడవకి ఒక్క మనిషి చాలన్నారు. ఆమె ఇంట్లో ఉండిపోయింది. భయం కూడా అప్పుడే మొదలైంది. పడవలో అతనితో ఉన్నన్నాళ్ళూ ఆమెకి సముద్రమంటే లెక్కే ఉండేది కాదు.

చివరికి వడ్రంగి బాబాయిని పిలిచారు. ఆయన పడవలు తప్ప వేరే పని ముట్టడు. కుర్చీ కాలు విరిగిందని పిలిస్తే, కుర్చీ ఎందులో మునుగుతుందని అడిగే రకం. ఆయన సన్నటి ఉలి తీసి పలకలో గుచ్చితే అది పిడిదాకా దిగిపోయింది.

"ఇది చెక్క కాదబ్బాయ్, తడిసిన అట్టముక్క. బాగుచెయ్యడానికి బాగున్న భాగం కాస్తయినా ఉండాలి కదా," అన్నాడు.

నిమ్మళం కొత్తదానికి ఒప్పుకున్నాడు. నాలుగు రోజుల్లో కొత్త చుక్కాని తయారైంది. దానికి నీలం రంగు వేశారు.

కొత్తది తగిలించి, పాతదాన్ని ఒడ్డున పడేసి వడ్రంగి చెప్పాడు. "రంగు ఆరడానికి రెండు రోజులు పడుతుంది. ఈలోగా పాతదాన్ని నిలువునా చీల్చి పొయ్యిలో పెట్టెయ్యండి. పడవ నీళ్ళలోకి దిగాక మాత్రం దానిమీద గొడ్డలి వెయ్యొద్దు. పాతది ఇంటిపట్టున ఉన్నన్నాళ్ళూ దానికి తగిలిందల్లా పడవకి తగులుతుంది." రంగు సంగతీ ఈ సంగతీ ఒకే గొంతుతో చెప్పి సామాను సర్దుకున్నాడు. ఎవరూ ఎందుకని అడగలేదు.

"చీల్చేస్తాలే," అన్నాడు నిమ్మళం. మర్నాడు భార్య అడిగితే, "అయిపోయింది," అన్నాడు.

మూడోరోజు తెల్లవారుతూనే కొత్త చుక్కానితో వెళ్ళాడు. ఆ పూట పోట్లాట లేదు. చిన్నకోడలు చాలా రోజుల తర్వాత కడుపునిండా తింది. మధ్యాహ్నం కట్టెల కోసం పెరట్లో పాత వలల కుప్ప జరిపితే, కింద చుక్కాని కనిపించింది. మీద గోనెపట్టా కప్పి, నిద్రపోతున్న ముసలాణ్ణి పడుకోబెట్టినంత జాగ్రత్తగా పడుకోబెట్టి ఉంది.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. అబద్ధం చెప్పాడని కాదు. పదకొండు రోజులు తన ప్రాణం కొట్టుకుపోతుంటే చెప్పిన మాటలన్నీ అతనికి నస అనిపించాయి కాబోలని. వడ్రంగి మాట గుర్తులేదని చెప్పుకోవడానికి లేదు. గుర్తుంది. గుర్తుండగానే గొడ్డలి తెచ్చి పైభాగంలో, కొక్కేల దగ్గర, ఒక దెబ్బ వేసింది. రెండో దెబ్బకి చెక్క నెర్రె విచ్చింది. మూడు రోజులుగా పొడిగా పడున్న ఆ చెక్కలోంచి ఉప్పునీళ్ళు చివ్వున చిమ్మి ఆమె పాదాల మీద పడ్డాయి. ఆమె గొడ్డలి కింద పెట్టేసింది.

సాయంత్రానికి పడవలన్నీ వచ్చాయి. నిమ్మళం పడవ రాలేదు. ఆ రాత్రి ఎలా గడిచిందో చెప్పబోతే మాటలు చాలవు కాబట్టి వదిలేద్దాం. పొద్దున్న ఎనిమిదింటికి, నిమ్మళాన్ని వెతకడానికి వెళ్ళిన పక్కింటతను, వరసకి మరిది, తిరిగొచ్చాడు. సరాసరి పెరట్లోకి వచ్చి, భుజాన మోసుకొచ్చిన నీలం చుక్కానిని నేలమీద దించాడు. రంగు ఇంకా చెక్కుచెదరలేదు. కొక్కేల దగ్గర మాత్రం ఎవరో నరికినట్టు తెగి ఉంది.

"తేలుతూ కనిపించింది వదినా," అన్నాడు. "ఇంజను రెక్క విరిగిన ముక్కొకటి దీన్లో గుచ్చుకుని ఉంది. పడవ మాత్రం కనపళ్ళేదు. నిన్న మధ్యాహ్నం దూరంనుంచి చూశాన్నేను. గాలి లేదు, అల లేదు. ఉన్నట్టుండి పడవ రెండుసార్లు ఎగిరిపడింది. తర్వాత మంచు కమ్మేసింది."

అత్తగారు గోడకానుకుని ఏడుపందుకుంది. చిన్నకోడలికి కన్నీళ్ళు రాలేదు. మొగుణ్ణి తన చేతులతో తనే చంపుకున్నానని అనుకుంది. ఆ తర్వాత ఇంకేమీ అనుకోలేకపోయింది.

అప్పుడు వలల దగ్గర చప్పుడైంది. పాత చుక్కాని పిడి ఎడమకి ఒరిగి, ఆగి, మళ్ళీ ఒరిగింది.

మరిది అటు చూసి, "అయితే పడవ ఇంకా నీళ్ళమీదే ఉంది," అని వడ్రంగి కోసం పరిగెత్తాడు.

వడ్రంగి వచ్చి గొడ్డలి గాట్లని బొటనవేలితో తడిమాడు. చిన్నకోడలి మొహం చూశాడు. "పెరటి తలుపు ఊడదియ్యండి. ఆ బందులకి దీన్ని తగిలిద్దాం," అన్నాడు.

"తలుపు తీసేస్తే మేకలొస్తాయి," అంది అత్తగారు ఏడుస్తూనే.

"రానివ్వండి."

గుమ్మానికి చుక్కాని వేలాడింది. వడ్రంగి పిడి చూపించి, "పట్టుకో అమ్మాయ్," అన్నాడు.

"నాకేం కనపడుతుంది బాబాయ్? అతనెక్కడున్నాడో తెలీదు. ఎటని తిప్పను?"

"ఎనిమిదేళ్ళు నువ్వు పట్టావా నేను పట్టానా?"

ఆమె పట్టుకుంది. పట్టుకోగానే చేతికి నీళ్ళ బరువు తగిలింది. ఎదురుగా కనిపిస్తున్నది గిన్నెలు తోమే బండ, దండెం మీద తువ్వాలు, మరిది పిల్లల చెప్పులు. చేతిలో ఉన్నది సముద్రం. కాసేపటికి పిడిలో సన్నగా ఒక తట్టు వినిపించింది. తర్వాత ఎవరో మడమతో చెక్కని గీరినట్టు ఇంకోటి.

అది ఆమెకి తెలుసు. తెరచాప రోజుల్లో గాలిలో కేకలు వినపడేవి కావు. అతను ముందునుంచి కాలితో పడవని తట్టితే ఎడమకి, గీరితే కుడికి. ఆ భాష ఇద్దరికి తప్ప ప్రపంచంలో ఇంకెవరికీ రాదు. ఇంజనొచ్చాక వాళ్ళకే దాంతో పని లేకపోయింది. తట్టితే ఆమె ఎడమకి తిప్పింది. గీరితే కుడికి తిప్పింది.

వడ్రంగి ఆమె పక్కన మోకాళ్ళ మీద కూర్చుని పని మొదలుపెట్టాడు. బాగుచెయ్యడానికి పనికిరాదని తేల్చిన మనిషి దాన్నే బాగుచెయ్యడానికి కూర్చోవడం ఆయనకీ మింగుడు పడలేదు. పైగా సుత్తి వాడకూడదు, అక్కడ పడవ అదురుతుంది. కొయ్యమేకులు సన్నగా చెక్కి అరచేత్తో నొక్కి దించాడు. తాడు తడిపి గాట్లమీద చుట్టాడు. ఒకచోట పట్టు దొరికితే ఇంకోచోట చెక్క పొట్టులా రాలుతోంది.

"నిలుస్తుందా బాబాయ్?"

"మాట్లాడకు. తిప్పు."

మధ్యాహ్నమైంది. ఆమె చేతులు తిమ్మిరెక్కి, తిమ్మిరి పోయి, మొద్దుబారాయి. అత్తగారు అన్నం కలిపి ముద్దలు నోటికి అందించింది. మేకలు వచ్చి నీలం చుక్కానిని వాసన చూసి పోయాయి. మూడు దాటాక నీళ్ళ బరువు ఒక్కసారిగా పెరిగింది. రేవు ముందరి రాళ్ళ దగ్గర నీరు అలాగే లాగుతుందని ఆమెకి తెలుసు. పడవలు పగిలేదీ అక్కడే. తట్టు మీద తట్టు పడుతోంది. శక్తికొద్దీ తిప్పుతుంటే తాడు జారింది. నెర్రె నోరు తెరుచుకుని, లోపల తెల్లటి చెక్క కనిపించింది.

అత్తగారు లోపలికెళ్ళి తన దుప్పటి తెచ్చి పరపరా చించింది. ఆ పీలికలతో నెర్రెని బిగించి కడుతూ, ఆ గాట్లని దగ్గరగా చూసింది. వలల పక్కన పడున్న గొడ్డలిని చూసింది. ముడి పళ్ళతో లాగి బిగించాక కోడలి మొహంలోకి చూసింది.

"గట్టిగా పట్టుకో," అంది. "తర్వాత మాట్లాడుకుందాం."

చిన్నకోడలు నెర్రెకి తన భుజం ఆనించి, పిడిని గుండెలకి హత్తుకుని లాగింది. దేవుడనే మాట కూడా గుర్తురాలేదు. తట్టితే ఎడమకి, గీరితే కుడికి, అంతే. ఎంతసేపో తెలీదు. చివరికి నీళ్ళ బరువు తగ్గింది. రేవువైపునుంచి జనం కేకలు వినిపించాయి.

అందరూ పరిగెత్తారు. వీధి మొహం చూసి రెండేళ్ళయిన అత్తగారు కూడా వడ్రంగి చెయ్యి పట్టుకుని పరిగెత్తింది. పడవని కట్టేదాకా పిడి వదలకూడదు కాబట్టి చిన్నకోడలు మాత్రం వెళ్ళలేకపోయింది. అతను బతికే ఉన్నాడో, తట్టినవాడు చివరి నిమిషంలో పడిపోయాడో కూడా తెలీదు. ఖాళీ పెరట్లో ఒక్కతే పిడి పట్టుకుని నిలబడింది. అప్పుడు ఏడుపొచ్చింది.

వీధి గుమ్మంలోంచి అతనే వచ్చాడు. పెదాలు ఉప్పుతో పగిలిపోయి, చొక్కా చిరిగిపోయి, ఎప్పట్లాగే నెమ్మదిగా నడుస్తూ వచ్చాడు. వెనకాల వడ్రంగి.

"మళ్ళీ కొత్తది చెయ్యమంటావా అబ్బాయ్?" అని అడిగాడు వడ్రంగి. "ఇది ఇంక నీళ్ళలోకి దిగదు. ఈ గుమ్మానికైతే ఎన్నాళ్ళైనా ఉంటుంది."

"ఇక్కడే ఉండనీ బాబాయ్. పడవకి ఇది చాలు."

అలాగే జరిగింది కూడా. ఆ తర్వాత ఆ పడవ వెనక ఎప్పుడూ ఏమీ తగిలించలేదు. అతను పడవెక్కే వేళకి చిన్నకోడలు పెరటి గుమ్మంలో పీట వేసుకుని కూర్చునేది, అతను దిగేదాకా ఎవరు పిలిచినా లేచేది కాదు. తర్వాత మాట్లాడుకుందామన్న అత్తగారు ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. పీట మీద వెయ్యడానికి ఒక మెత్త కుట్టి ఇచ్చింది.

కానీ అదంతా తర్వాతి సంగతి. ఆ సాయంత్రం వడ్రంగి వెళ్ళిపోయాక కూడా చిన్నకోడలు పిడి వదల్లేదు.

"కట్టేశారు. ఇంక వదిలెయ్యి," అన్నాడతను.

"గొడ్డలి వేసింది నేనే."

"తెలుసు."

"ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? రెండు దెబ్బలూ తిన్నది నేనేగా." అతను కింద కూర్చుని, బిగుసుకుపోయిన ఆమె వేళ్ళని ఒక్కొక్కటే విడదీస్తున్నాడు. "మూడోది పడితే పడవ రెండు ముక్కలవుతుందని తెలుసు. అంచు పట్టుకుని కూర్చున్నాను. చాలాసేపు కూర్చున్నాను. పడలేదు. అప్పుడు లేచి తెరచాప విప్పాను."