చెడిపోని బోరింగులు

ఉగాది దాటి రెండు నెలలైనా కుళ్ళాయప్ప చేతికింది ముప్పై ఎనిమిది బోరింగుల్లో ఒక్కటీ చెడిపోలేదు. అందుకే అతని ఇంట్లో రెండు పూటలా పొయ్యి వెలగడం లేదు.

పదకొండేళ్లుగా విడపనకల్లు చుట్టుపక్కల ఊళ్లలో చేతిపంపులు బాగుచేస్తున్నాడు. రోజుకూలి పన్నెండు రూపాయలు. రిపేరు ఉన్నా లేకున్నా సైకిలెక్కి ఊరూరా తిరిగి, బోరింగు చైనుకు గ్రీజు పెట్టి, బోల్టులు బిగించేవాడు. ఎనభై నాలుగులో సమితి ఆఫీసు రేటు మార్చింది. ఇక రోజుకూలి లేదు, కంట్రాక్టు. చెడిపోయిన బోరింగు బాగుచేస్తే ఒక్కోదానికి నలభై. నలభై అనే మాట విని సంతకం పెట్టేశాడు. గ్రీజుకు రేటు లేదని తర్వాత తెలిసింది. అయినా అలవాటు కొద్దీ గ్రీజు పెడుతూనే ఉన్నాడు.

శ్రీరంగప్పదీ అదే పని, అదే పానా. కాకపోతే పర్మినెంటు, నెల తిరిగితే జీతం. మంచివాడే. బస్టాండులో టీ తాగిస్తూ ఉపాయం చెప్పాడు.

"నీ అంత ఎర్రోడు జిల్లాలో ల్యాడప్పా. నీ కూలి నువ్వే చెడగొట్టుకుంటాండావు. ఈసారి లోపల పాత తోలు వాచరు ఎయ్యి. రెణ్ణెల్లకు మళ్లా పిలుస్తారు."

"నీళ్లు రాకుంటే ఆడోళ్లు యాడికి పోతారన్నా?"

"అబ్బో, పర్మినెంటోని మాదిరి మాట్లాడతాండావే."

వారం తర్వాత ఒక ఊరి నుంచి కబురొచ్చింది, బోరింగు ఆగిపోయిందని. నలుగురు పట్టి నూట యాభై అడుగుల పైపులు పైకి లాగారు. అడుగున వాచరు అరిగిపోయింది. కుళ్ళాయప్ప సంచిలో రెండున్నాయి. ఒకటి కొత్తది, ఒకటి ఇంకో ఊళ్లో తీసేసింది. పాతది వేశాడు. ఎవరూ చూడలేదు, చూసినా తెలియదు. పైపులు దించారు. నీళ్లొచ్చాయి.

ఆ ఊళ్లో బాగైన బోరింగు మొదటి చెంబు మెకానిక్కుకే. హనుమక్క తెచ్చింది. పైపులు లాగిన నలుగురిలో ఆమె ఒకతె. అరచేతులు కమిలిపోయి ఉన్నాయి.

"తాగప్పా. నీ చెయ్యి పడినాదంటే ఏడాది దంకా మాకు నిశ్చింత."

చెంబు నోటిదాకా తీసుకెళ్లి కింద పెట్టేశాడు.

"అక్కా, మళ్లా లాగాల."

"ఏమప్పా, ఎగతాళా? నీళ్లొస్తాండాయి గదా."

"వస్తాండాయి. నేనే తప్పుడు వాచరు ఏసినా."

హనుమక్క అతని మొహం చూసింది. ఏం తప్పో అడగలేదు. "నిన్ను తర్వాత తిడతాలే" అని పైపు పట్టుకుంది. పొద్దు వాలేదాకా పట్టింది ఆ పని.

మరుసటి రోజు ఆఫీసు మెట్ల మీద కూర్చుని బిల్లు నింపాడు. అచ్చు కాగితం. పైన "చెడిపోయిన బోరింగులు" అని ఉంది, పక్కన గడి. అందులో 1 వేశాడు. ఒళ్లంతా నొప్పులు. తర్వాత ఇంకో కాగితం తీసి, ఆ మొదటి మాటలో చివరి రెండక్షరాలు కొట్టేసి, పైన "ని" అని రాశాడు. గడిలో 37 వేశాడు.

గుమాస్తా వెంకటప్ప రెండో కాగితం చూసి నవ్వాడు. "తప్పు రాసినావు కుళ్ళాయప్పా. చెడిపోని అని పడినాది."

"తప్పు గాదు సార్."

"చెడిపోని దానికి దుడ్లు యాడన్నా ఇస్తారా?"

"శ్రీరంగన్నకు ఇస్తాండారు గదా సార్, నెలనెలా."

వెంకటప్ప నవ్వు ఆపి కాగితం వెనక్కి తోశాడు. కుళ్ళాయప్ప మళ్లీ ముందుకు తోశాడు. నిలబడే ఓపిక లేక, ఆ బల్ల ముందే నేల మీద కూర్చున్నాడు.