కిటికీలో బాల్టిమోర్

నరసింహానికి జబ్బు చేసింది జనవరిలో, మొండితనం పట్టుకుంది ఫిబ్రవరిలో. జబ్బు వేసవికల్లా చాలావరకు తగ్గింది. మొండితనానికి మాత్రం కైసర్స్‌లౌటర్న్ ఊరు మొత్తం వెతికినా ఏ డాక్టరు దగ్గరా మందు దొరకలేదు.

పక్షవాతం చిన్నదే. ఎడమకాలు కాస్త ఈడుస్తుంది, మూతి ఎడమవైపుకి కొంచెం జారింది. అంతకు మించి ఏమీ లేదు. కానీ కాకినాడలో కాలేజీ రోజుల నుంచీ పౌరాణిక నాటకాల్లో రాజు వేషాలు కట్టి, జర్మనీకి ఇంజనీరుగా వచ్చాక కూడా తెలుగు సంఘం స్టేజీల మీద కిరీటం వదలని మనిషికి ఆ కొంచెమే కొండంత అయి కూర్చుంది. చూడవచ్చిన వాళ్ళందరినీ గుమ్మంలోంచే పంపించేశాడు. నరసింహం దంపతులది కింది వాటా. పడకగది కిటికీ సరిగ్గా బస్టాపుకి ఎదురుగా ఉంటుంది. ఆ కిటికీకి బయట ఉండే రోలాడెన్ షట్టరు పగలూ రాత్రీ దించేయించాడు. ఆ షట్టరు వెనక ట్యూబులైటు కింద బతుకుతూ భార్య కుముదినికి పొద్దు ఎప్పుడు ఎక్కుతోందో ఎప్పుడు వాలుతోందో తెలియకుండా పోయింది.

అదైనా ఓర్చుకునేదేమో. నవంబరులో లైప్‌జిగ్‌లో కూతురు తన్వి పెళ్ళి.

"నేను రాను. ఫోన్లో చూస్తాలే," అన్నాడు నరసింహం.

"బిటె, ప్లీజ్ నాన్నా! మీరు లేకుండా నాకు పెళ్ళేంటి?" అని తన్వి ఫోన్లోనే ఏడ్చింది. ఆయన ఫోన్ భార్య చేతికిచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. కుముదిని బతిమాలింది, తిట్టింది, ఒకపూట అన్నం మానేసి చూసింది. ఆయన ఆమె వాటా కూడా తిని పడుకున్నాడు. కన్నకూతురి పెళ్ళిలో తను ఒంటరిగా నిలబడాలి కాబోలు అనుకుంది.

పై అంతస్తులో ఉండే డొలోరెస్‌తో తప్ప ఈ గోడు ఎవరితోనూ చెప్పుకోలేదు. డొలోరెస్ ఎనభై దాటిన అమెరికన్ ముసలామె. ఇక్కడి అమెరికా సైనికస్థావరంలో పనిచేసిన భర్తతో వచ్చి, ఆయన పోయాక కూడా ఇక్కడే ఉండిపోయింది. పుట్టి పెరిగింది బాల్టిమోర్ రేవులో. ప్రతి శనివారం, తన వంతు ఉన్నా లేకపోయినా, మోకాళ్ళ మీద కూర్చుని ముందు గుమ్మం మెట్లు రాయి పెట్టి రుద్దుతుంది. శుక్రవారం కుముదిని ఎంతో ముచ్చటపడి వేసిన ముగ్గు శనివారానికి హుళక్కి. ఒక ఏడాదిపాటు ఇద్దరూ కొరకొరా చూసుకున్నారు. బాల్టిమోర్‌లో ఇంటి ముందు తెల్ల పాలరాతి మెట్లు మెరవకపోతే ఆ ఇల్లాలి పరువు పోయినట్టేనని తర్వాత తెలిసింది. పరువు గుమ్మంలో ఉంటుందన్న సంగతిలో ఇద్దరికీ పేచీ లేదు. అప్పటినుంచి శుక్రవారం ముగ్గు, శనివారం రుద్దుడు, నడుమ కాఫీ.

జూన్‌లో అలా ఒక కాఫీ దగ్గర కుముదిని కళ్ళు ఒత్తుకుంటుంటే డొలోరెస్ అడిగింది: "హన్, మీ ఆయనకి లోకాన్ని చూడటం ఇష్టం లేదా, లోకం తనని చూడటం ఇష్టం లేదా?" ఆమె బస్సు డ్రైవరుతో సహా అందర్నీ 'హన్' అనే పిలుస్తుంది. వాళ్ళ ఊరి అలవాటట.

"లోకం తనని చూడకూడదు."

"అంతేనా! దానికి మా వీధిలో మందుంది."

మందు ఏమిటంటే దోమతెర. బాల్టిమోర్‌లో ఇళ్ళన్నీ భుజం భుజం ఒరుసుకుని వీధి మీదికే ఉంటాయి. కిటికీ తెరిస్తే దారినపోయే ప్రతివాడూ తొంగి చూసేవాడే. అందుకని కిటికీ దోమతెర మీద రంగులతో బొమ్మ గీసేవాళ్ళు. కన్నాలు పూడకుండా, తీగ మీద మాత్రమే రంగు పడాలి. బయటివాడికి బొమ్మ తప్ప ఏమీ కనిపించదు. లోపలివాళ్ళకి మాత్రం వీధంతా కనిపిస్తుంది. ఒకప్పుడు వీధికి వీధే ఇలా బొమ్మల కొలువులా ఉండేదట.

"నా చేతులు వణుకుతాయి," అంది డొలోరెస్. "నీ చేతులు వణకవు. నీ ముగ్గులు చెరిపేదాన్ని, నాకు తెలియదా?"

మర్నాడే ఇద్దరూ ఇంటి మరమ్మతు సామాన్లమ్మే బౌమార్క్ట్‌కి వెళ్ళి దోమతెర, రంగులు తెచ్చుకున్నారు. వంటింటి బల్ల మీద తెర పరిచి డొలోరెస్ చెబుతుంటే కుముదిని గీసింది. ఎర్ర ఇటుకల ఇళ్ళ వరస, ప్రతి ఇంటికీ తెల్లటి మెట్లు, మెట్ల మీద కూర్చుని కబుర్లాడే ఆడవాళ్ళు. మెడలో గంటలు కట్టిన గుర్రంబండి, దాని మీద పళ్ళు, పళ్ళ పేర్లు పాటకట్టి అరుస్తూ పక్కన నడిచే బండివాడు. వీధి చివర రేవు, రేవు ఒడ్డున పంచదార ఫ్యాక్టరీ, దాని నెత్తిన రాత్రంతా వెలిగే పెద్ద ఎర్రక్షరాలు. ఒక మూలన బల్ల మీద కాగితాలు పరిచి, ఉడికించిన పీతలు గుట్టగా పోసి, చిన్న చెక్కసుత్తులతో కొట్టుకు తింటున్న కుటుంబం.

"పీతలకి సుత్తులేమిటి? పళ్ళు లేవా వాళ్ళకి?" అని పడకగదిలోంచి గొంతు వినిపించింది.

ఎన్నో నెలల తర్వాత ఆయన దేని గురించో తనంతట తాను మాట్లాడటం అదే. కుముదిని కుంచె పట్టుకున్న చేయి ఆగిపోయింది. డొలోరెస్‌కి తెలుగు రాదు గానీ, మంచి మాటే అయి ఉంటుందని గ్రహించి నవ్వింది. రేవులో ఓడ మాత్రం కుముదిని తన కాకినాడ ఓడనే గీసుకుంది. డొలోరెస్ చూసి కూడా చూడనట్టు ఊరుకుంది.

తెర బిగించినరోజు నరసింహం ఊరికే నమ్మలేదు. భార్యని ఫోన్‌తో సహా రోడ్డు అవతలికి తరిమాడు.

"ఏం కనిపిస్తోందే?"

"బాల్టిమోర్."

"నేను?"

"మీరు లేరు."

"చెయ్యూపుతున్నాను, చూడు."

"లేరండీ బాబూ, మీరు ఎక్కడా లేరు!"

ఆ మాటకి ఆయన పొంగిపోయాడు. ఆ రోజు నుంచి పొద్దున్నే రోలాడెన్ పైకి లేచేది, మళ్ళీ సాయంత్రం ఆరింటికి దిగేది. నడుమ ఆయన కుర్చీ కిటికీ దగ్గరే. బస్టాపులో నిలబడ్డవాళ్ళ మీద నోటికొచ్చినట్టు వ్యాఖ్యానం. పైన ఉండే స్నిగ్ధ, కరీంనగర్ నుంచి చదువుకోవడానికి వచ్చిన పిల్ల, ఒకరోజు హడలిపోయి వచ్చింది. "ఆంటీ, మీ బొమ్మ మాట్లాడుతున్నది! 'అమ్మాయ్, షూలేసు ఊడింది' అన్నది!" కుముదిని పడీపడీ నవ్వింది. అమెరికన్ సైనికులు ఆగి ఫోటోలు తీసుకునేవారు. ఒకతను బొమ్మలో తమ వీధిని గుర్తుపట్టి, అక్కడే నిలబడి వాళ్ళమ్మకి ఫోన్ చేశాడు. అన్నీ బాగానే ఉన్నాయి, పెళ్ళి మాటెత్తితే మాత్రం మళ్ళీ గోడవైపు తిరిగేవాడు. తెర వెనక ఎంత హుషారైనా, తెర దాటి రానని ఒకటే పట్టు.

ఆగస్టులో కూనిరాగం మొదలైంది. సెప్టెంబరుకి పద్యమైంది. ఎవరూ చూడటం లేదన్న ధైర్యంతో ఆయన కిటికీ తెరుచుకుని, కుర్చీలో కూర్చునే చేతులు తిప్పుతూ రాగం తీసేవాడు. జారిన మూతిలోంచి ఆ గొంతు అలా ఖణీమని ఎలా వస్తోందో ఆమెకు అర్థం కాలేదు, ఆనందానికి మాత్రం అంతులేదు.

అక్టోబరు చివర, చలికాలం వస్తోందని దేశమంతా గడియారాలన్నీ ఒక గంట వెనక్కి తిప్పారు. ఆ మర్నాడు కుముదిని కూరగాయలు కొనుక్కుని బస్సు దిగింది. ఆరు కాకముందే చీకటి పడిపోయింది. బస్టాపులో ఇరవైమంది దాకా ఉన్నారు, ఒక్కరూ ఫోన్ చూసుకోవడం లేదు, అందరూ రోడ్డు అవతలికే చూస్తున్నారు. ఆమె కూడా చూసింది.

బాల్టిమోర్ లేదు. ఇళ్ళు లేవు, రేవు లేదు. వెలుగుతున్న కిటికీలో, గళ్ళలుంగీ, చేతుల బనీనుతో, ఆమె మొగుడు నిండు సభలో రాజులా చేయెత్తి పద్యం పాడుతున్నాడు. ఇంకా ఆరు కాలేదు కదా అని రోలాడెన్ దించలేదు, చీకటి పడింది కదా అని దీపం వేసుకున్నాడు.

పైనుంచి డొలోరెస్ తల బయటికి పెట్టి, "అయ్యో, హన్! లోపల దీపం వెలిగితే బొమ్మ పనిచేయదు. మా ఊళ్ళో అందరికీ తెలుసు కదా, నీకు చెప్పడం మరిచేపోయాను!" అని లబలబలాడింది.

"ఆంటీ, గాయన మన అంకులేనా?" అంది పక్కనే ఉన్న స్నిగ్ధ. "మస్తు పాడుతున్నరు!"

పద్యం జోరులో ఆయనకి డొలోరెస్ కేక వినపడలేదు గానీ, కుముదినికి దిగులు పట్టుకుంది. ఈ సంగతి తెలిసిందంటే ఆయన ఇక జన్మలో ఆ షట్టరు ఎత్తడు. పెళ్ళి సంగతి సరేసరి. ఇంతలో పద్యం చివరి రాగం ఎక్కడికో ఎగిరి, తిరిగి వచ్చి వాలింది. బస్టాపు చప్పట్లతో మోగిపోయింది.

నరసింహం ఉలిక్కిపడ్డాడు. చప్పట్లకేసి చూశాడు, దీపంకేసి చూశాడు, తన బనీనుకేసి చూసుకున్నాడు. అర్థమైపోయింది. చేయి మెల్లగా రోలాడెన్ పట్టీ మీదికి వెళ్ళింది.

నాటకాలాడేవాడి పెళ్ళాం నాటకంలో ఎలా ఉండాలో కుముదినికి ఆమె అత్తగారు ఏనాడో చెప్పింది: ముందు వరసలో నోరు మూసుకుని కూర్చోవాలి. నలభై ఏళ్ళు అలాగే కూర్చుంది. ఇప్పుడు కూరగాయల సంచి రోడ్డు మీద పడేసి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, కాకినాడలో చివరి బెంచీవాళ్ళు ఎలా అరిచేవాళ్ళో అలా గొంతు చించుకుని అరిచింది.

"వన్స్ మోర్!"

ఆ కేక అర్థం కానివాడు బస్టాపులో ఒక్కడూ లేడు. స్నిగ్ధ అందుకుంది. అమెరికన్లు అందుకున్నారు. జర్మన్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని వాళ్ళూ అందుకున్నారు. వన్స్ మోర్! వన్స్ మోర్! బస్సు వచ్చి తలుపు తెరిచినా ఒక్కరూ ఎక్కలేదు, డ్రైవరు కూడా వెళ్ళలేదు.

వన్స్ మోర్ అన్న కేక విని షట్టరు దించే నటుడు ఇంతవరకు పుట్టలేదు. నరసింహం పట్టీ వదిలేశాడు. కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడ్డాడు. లుంగీ సర్దుకుని, గొంతు సవరించుకుని, అదే పద్యం మొదటినుంచి ఎత్తుకున్నాడు.

ఆమె లోపలికి వెళ్ళేసరికి ఆయన చెమటలు కక్కుతూ కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"మొదట అరిచిందెవరే?"

"నాకేం తెలుసండీ? బస్టాపు నిండా జనమేగా."

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. "తన్వికి ఫోన్ కలుపు," అన్నాడు.

కలిపి ఇచ్చింది.

"అమ్మాయ్, పెళ్ళికి వస్తున్నాను. ముందే చెబుతున్నా, మూతి కాస్త వంకరగా ఉంటుంది. ఫోటోలు ఎటువైపు నుంచి తీసినా నాకేం అభ్యంతరం లేదు."

అవతల తన్వి నవ్వుతోందో ఏడుస్తోందో కుముదినికి తెలియలేదు. ఆమె మాత్రం వంటింట్లోకి వెళ్ళి రెండూ చేసింది.