కోబాల్ట్ కలిపిన పొర

పాలగిన్నె అడుగున పట్టిన మసిని బూడిదతో రుద్దుతూ రుద్దుతూ ప్రమోదిని తనలో తనే నవ్వుకుంది. బొగ్గుపొయ్యి మసి ఎంత తోమినా వదిలి చావదు. యూనివర్సిటీ ల్యాబులో ఇలాంటి నల్లటి పొరే స్టీలు పట్టీని అంటిపెట్టుకుని ఉండాలని మూడేళ్లు ఎన్ని పాట్లు పడిందో! అది మాంగనీసు పొర. కరెంటును క్షణాల్లో తాగి దాచుకునే పరికరం కోసం చేసింది. వందసార్లు చార్జి చేసేసరికి పొట్టులా రాలిపోయేది. ఒకరోజు చిటికెడు కోబాల్ట్ కలిపి చూసింది. వెయ్యిసార్లు దాటినా పొర కదల్లేదు. ఆ సాయంత్రం సంతోషం పట్టలేక హాస్టల్ దాకా పరుగెత్తింది. ఎంత బాగుండేవి ఆ రోజులు.

ఆ పల్చటి పొరను ఇంగ్లీషులో థిన్ ఫిల్మ్ అంటారు. తన కూతురు థిన్ ఫిల్మ్ మీద పరిశోధన చేస్తోందని మెట్‌పల్లిలో బాపు గొప్పగా చెప్తే, కాబోయే అత్త ఇందిరాదేవి హడలిపోయింది. ఫిలిం లైన్ల తిరిగే పిల్ల మాకొద్దని కబురు పంపింది. బాపు ఆ స్టీలు పట్టీని దస్తీలో చుట్టుకుపోయి చూపిస్తే గాని సంబంధం కుదరలేదు. అందరూ నవ్వారు. ప్రమోదినీ నవ్వింది. పెళ్లయ్యాక థీసిస్ రాసుకుంటానంటే సరేనన్నారు కూడా. మందమర్రి కాలనీకొచ్చి నాలుగేళ్లు. గనిలో భర్త కొండల్‌రావు షిఫ్టు వేళలు, అత్త మందుల వేళలు తప్ప ఆమెకంటూ ఒక వేళ దొరకలేదు. నాలుగు అధ్యాయాలు అయ్యాయి. కోబాల్ట్ ఫలితాలుండే ఐదోది మిగిలిపోయింది.

నిన్న గైడు సరళాదేవి మేడం ఉత్తరం రాసింది. తొంభై నాలుగు డిసెంబరు ఆఖరుతో థీసిస్ ఇచ్చే గడువు సరి. రాయలేకపోతే ఆ కోబాల్ట్ రీడింగుల్ని ల్యాబులో జూనియర్ జగన్మోహన్‌రావు తన థీసిస్‌లో వాడుకుంటాడట. అభ్యంతరం లేదని, జతచేసిన కాగితం మీద సంతకం చేసి పంపమంది.

కొండల్‌రావు చదివి, "సంతకం పెట్టియ్యరాదూ? పాపం, గా పిలగానికి నౌకరి గావాలె. నీకేం పనుంది ఇగ గా ఫిలింతోని?" అన్నాడు.

కోపంగా కాదు, ప్రేమగానే అన్నాడు. అందుకే ఆమెకు మరింత మండింది. ఆ వెయ్యిసార్లూ మీటరు ముందు కూర్చుని అంకెలు రాసుకున్నది తను. ఎవరి మీదో జాలిపడి వాటిని ఇచ్చెయ్యమనడానికి ఈయనకు నోరెలా వచ్చింది?

చేతులు కడుక్కొచ్చి కాగితం ముందు కూర్చుంది. లోపల్నుంచి అత్త చాయ్ అడుగుతోంది. టపా వేళ దాటిపోతుందని కొండల్‌రావు గుమ్మంలోంచి తొందరపెట్టాడు.

"అయిందా సంతకం?"

"కాలే." కాగితం వెనక్కి తిప్పి రాస్తూనే ఉంది, తలెత్తలేదు. "ఐదో అధ్యాయం రాస్తున్న. చాయ్ మీరు పెట్టుండ్రి."